ఊరంతా ఎక్కే వేదిక: ఒబెరామర్‌గావ్ నాటకశాల అసలు ఎవరిది?

ఊరి జనాభా సుమారు 5,400. ఆ ఊరి నాటకశాలలో సీట్లు 4,400కు పైమాటే. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూస్తే ఎవరికైనా లెక్క తప్పిందేమో అనిపిస్తుంది. కానీ లెక్క సరైనదే. జర్మనీలో దక్షిణాన, బవేరియా ఆల్ప్స్ కొండల మధ్య అమ్మర్ నది లోయలో ఉన్న ఒబెరామర్‌గావ్‌లో నిజంగానే అంత పెద్ద హాలు ఉంది. అది ఏ కంపెనీదో, ఏ ట్రస్టుదో, ప్రభుత్వ సాంస్కృతిక శాఖదో కాదు, ఊరి పాలక మండలిది, అంటే మన దగ్గర పంచాయతీ అనుకోవచ్చు. పదేళ్లకోసారి ఊళ్లో దాదాపు మూడో వంతు జనం ఆ హాలు వేదిక మీదికి ఎక్కి, ఏసుక్రీస్తు చివరి రోజుల కథను దాదాపు ఐదు నెలల పాటు ఆడతారు.

మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లు చాలామంది వీకెండ్‌లో లిండర్‌హోఫ్ రాజభవనం చూడటానికి ఈ ఊరి మీదుగానే వెళ్తుంటారు. గోడల మీద రంగుల బొమ్మలున్న ఇళ్లు, చెక్కతో చెక్కిన దేవతామూర్తులు అమ్మే షాపులు, ఊరి నెత్తిన కాపలా ఉన్నట్టు నిలబడ్డ కోఫెల్ శిఖరం, ఇవన్నీ ఫొటోల్లో పడతాయి. నాటకశాల మాత్రం బయటి నుంచి చూస్తే పెద్ద గోడౌన్‌లా ఉంటుంది, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఈ ఊరి అసలు కథ ఆ హాలులోనే ఉంది. అంతమంది కూర్చునే భవనాన్ని ఇంత చిన్న ఊరు ఎందుకు కట్టుకుంది, ఇన్నేళ్లు ఎలా నిలబెట్టుకుంది అని అడిగితే భక్తి అనో టూరిజం అనో జవాబులొస్తాయి. రెండూ ఉన్నాయి, కాదనలేం. కానీ అసలు కారణం వేరు: వేదిక ఎక్కే హక్కు ఊరి ఉమ్మడి ఆస్తి. ఆస్తి ఉమ్మడిదైతే వాటాల తగాదాలు తప్పవు. ఈ ఊళ్లోనూ తప్పలేదు. దాదాపు నాలుగు వందల ఏళ్లుగా ఆ తగాదాలే హాలును బతికిస్తున్నాయి.

కథ 1633లో మొదలవుతుంది. జర్మనీలో ముప్పై ఏళ్ల యుద్ధం నడుస్తున్న కాలం, సైనికులతో పాటు ప్లేగు కూడా ఊరూరా తిరుగుతోంది. ఒబెరామర్‌గావ్ వాళ్లు ఊరి పొలిమేరల్లో కాపలా పెట్టి బయటివాళ్లను రానివ్వలేదట. పక్క ఊళ్లో కూలికెళ్లిన కాస్పర్ షిస్లర్ అనే మనిషి చర్చి తిరునాళ్లకు పెళ్లాంబిడ్డల్ని చూసుకోవాలని కాపలావాళ్ల కన్నుగప్పి రాత్రిపూట ఇంటికి చేరాడనీ, అతనితోనే జబ్బు ఊళ్లోకి వచ్చిందనీ స్థానికులు చెప్పుకుంటారు. ఎనభై మందికి పైగా పోయారని ఊరి పాత లెక్క. అప్పుడు ఊరి పెద్దలు చర్చిలో చేరి, ఈ గండం గట్టెక్కిస్తే పదేళ్లకోసారి క్రీస్తు శ్రమల నాటకం ఆడతామని మొక్కుకున్నారు. ఆ తర్వాత ఒక్కరూ చావలేదని అక్కడివాళ్ల నమ్మకం. మరుసటి ఏడాది, 1634లో, మొదటిసారి ఆడారు. ఆ వేదిక చర్చి పక్కన స్మశానంలో, ప్లేగుతో పోయినవాళ్ల సమాధుల మీదే వేశారు.

ఇక్కడ గమనించాల్సింది మొక్కుకున్నది ఎవరన్నది. రాజు మొక్కలేదు, బిషప్ మొక్కలేదు, ఊరు మొక్కింది. కాబట్టి తీర్చాల్సిన బాధ్యత కూడా ఊరిదే. బయటి నుంచి నటుల్ని తెచ్చి ఆడిస్తే మొక్కు తీరినట్టు కాదు. నాటకశాలకు సంబంధించిన ఆచారాలు, గొడవలు, కోర్టు కేసులు అన్నీ చివరికి ఈ ఒక్క మాట దగ్గరికే వస్తాయి.

1680 నుంచి సున్నాతో ముగిసే ఏళ్లలో ఆడటం ఆనవాయితీ అయింది. 1770లో బవేరియా పాలకుడు ఇలాంటి నాటకాలన్నింటినీ నిషేధిస్తే ఒబెరామర్‌గావ్ కూడా ఆ ఏడాది ఆడలేకపోయింది, 1780కి మళ్లీ అనుమతి తెచ్చుకుంది. చుట్టుపక్కల ఎన్నో ఊళ్లలో ఇలాంటి నాటకాలు ఆ నిషేధాలతోనే అంతరించిపోయాయి, ఇది మాత్రం మిగిలింది. 19వ శతాబ్దం మొదట్లో పక్కనున్న ఎట్టాల్ మఠానికి చెందిన ఒథ్మార్ వైస్ నాటకానికి కొత్త పాఠం, అంటే మాటలు, రాశాడు, ఊరి బడిపంతులు రోఖుస్ డెడ్లర్ సంగీతం కట్టాడు. ఆ సంగీతమే మార్పులూ చేర్పులతో నేటికీ వినిపిస్తుంది. తర్వాత ఊరి చర్చి ఫాదర్ డైసెన్‌బెర్గర్ పాఠాన్ని తిరగరాశాడు. అంటే పాఠం, పాట, నటన మూడూ ఆ లోయలోనే పుట్టినవి.

1830లో వేదిక స్మశానం నుంచి ఊరి అంచున ఉన్న మైదానానికి మారింది. ఇవాళ్టి హాలు ఉన్నది ఆ చోటే. అక్కడ మొదట్లో బెంచీలు, పైన ఆకాశం, వానొస్తే తడవడం, అంతే. 1880 నాటికి థామస్ కుక్ కంపెనీ ఇంగ్లండ్ నుంచి యాత్రికుల్ని తోలుకు రావడం మొదలుపెట్టింది. జనం పెరిగేకొద్దీ ఊరు భయపడకుండా పెట్టుబడి పెట్టింది. 1890లో మ్యూనిక్‌లో పేరున్న రంగస్థల యంత్ర నిపుణుడు కార్ల్ లౌటెన్‌ష్లేగర్‌ను పిలిచి వేదికను కొత్తగా కట్టించింది. 1900 ప్రదర్శనలకు ప్రేక్షకుల మీద ఆరు పెద్ద ఇనుప కమానులతో కప్పు వేశారు. అదే ఏడాది ముర్నావ్ నుంచి రైలు మార్గం కూడా వచ్చింది. కొండల్లో ఒక మూలన ఉన్న పల్లెకు ఒకే ఏడు రైలూ, నాలుగు వేల మంది పట్టే హాలూ రావడం చిన్న విషయం కాదు. ఆ హాలును ఆ తర్వాత చాలాసార్లు బాగుచేశారు, 1930కి వేదిక రూపం మార్చారు, 1990ల చివర్లో భారీగా మరమ్మతులు చేశారు, కానీ ఆరు కమానుల అస్థిపంజరం మాత్రం అదే.

ఆ హాలు లోపలికి వెళ్తే మొదట కంటికి ఆనేది ఆ కమానులే, మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా ఈ చివర నుంచి ఆ చివరకు వంగి ఉంటాయి, రైల్వే స్టేషన్లో కూర్చున్నట్టు ఉంటుంది. ప్రేక్షకుల మీద కప్పు ఉంటుంది, వేదిక మీద మాత్రం ఆకాశం. వేదికకు వెనక, గోడల పైనుంచి, నిజమైన కొండలూ మబ్బులూ కనిపిస్తాయి. వాన పడితే నటులు తడుస్తూనే ఆడిన రోజులున్నాయి, చలి వేస్తే ప్రేక్షకులు దుప్పట్లు కప్పుకుని చూస్తారు. మే నెలలో ఆల్ప్స్ సాయంత్రాలు ఎముకలు కొరికేస్తాయి మరి. జెరూసలేం ప్రవేశం సీన్ వస్తుంది, మట్టలు పట్టుకున్న పిల్లలు, చంకలో పసిబిడ్డలతో తల్లులు, చేతికర్ర పట్టుకున్న ముసలివాళ్లు, వందల మంది ఒకేసారి నలువైపుల నుంచి పోటెత్తుతారు, మధ్యలో గాడిద మీద ఏసు వేషధారి. ఆ జనం జూనియర్ ఆర్టిస్టులు కాదు, ఒకరికొకరు నిజంగా ఇరుగుపొరుగువాళ్లు, అక్కాచెల్లెళ్లు, తాతామనవళ్లు. అందుకే ఆ గుంపులో కనిపించే చనువు దర్శకుడు నేర్పితే వచ్చేది కాదు.

నాటకం మధ్యమధ్యలో కదలని దృశ్యాలు కొన్ని వస్తాయి. మధ్య వేదిక తెర తీయగానే పాత నిబంధన కథల్లోని ఒక ఘట్టంలో మనుషులు శిల్పాల్లా నిలబడి ఉంటారు. కనురెప్ప కూడా ఆడించకుండా, ఒక పక్క కోరస్ పాడుతున్నంతసేపూ అలాగే ఉంటారు. ఊరు చెక్క శిల్పాలకు పేరు పొందింది, ఆ కళ పిల్లలకు నేర్పడానికి ప్రత్యేకంగా బడి కూడా ఉంది. చెక్కడం తెలిసిన కళ్లు దిద్దిన దృశ్యాలు కాబట్టి వాటిలో ఆ పొందిక ఉంటుంది. ప్రదర్శన మొత్తం సుమారు ఐదు గంటలు, మధ్యలో భోజనాలకు మూడు గంటల విరామం. ఆ మూడు గంటల్లో నాలుగు వేల మందికి పైగా జనం ఊళ్లోకి వచ్చి పడితే హోటళ్లూ ఇళ్లూ ఎలా కిటకిటలాడతాయో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. వేదిక ఎవరు ఎక్కొచ్చు? నియమం సూటిగా ఉంటుంది: ఒబెరామర్‌గావ్‌లో పుట్టి ఉండాలి, లేదా కనీసం 20 ఏళ్లుగా అక్కడే ఉంటూ ఉండాలి. పిల్లలకు ఆ 20 ఏళ్ల పట్టింపు లేదు. అర్హత ఉన్నవాళ్లు అడిగితే చోటు ఇస్తారు, ఏ పాత్ర ఇవ్వాలన్నది తర్వాతి సంగతి. 2022లో ఇలా పాల్గొన్నవాళ్లు నటులు, గాయకులు, వాద్యకారులు, తెర వెనకవాళ్లు అంతా కలిపి సుమారు 1,800 మంది. పెద్ద పాత్రలు ఒక్కోదానికి ఇద్దరేసి, ఎందుకంటే వీళ్లెవరూ వృత్తి నటులు కాదు, ఉద్యోగాలు, వ్యాపారాలు, కాలేజీలు చూసుకోవాలి. ఆ ఏడు ఏసు వేషం వేసిన ఇద్దరిలో రోఖుస్ ర్యూకెల్ ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చదువుతున్న కుర్రాడు, ఫ్రెడెరిక్ మాయెట్ మ్యూనిక్‌లో ఒక థియేటర్ ప్రచార విభాగంలో పనిచేసేవాడు. దర్శకుణ్ణి ఎంచుకునేది ఊరి పాలక మండలి, ఓటు వేసి మరీ. అంటే ఎన్నికల్లో గెలిచిన సభ్యులు రోడ్లూ డ్రైనేజీలతో పాటు ఈ నాటకాన్ని ఎవరి చేతిలో పెట్టాలన్నది కూడా తేలుస్తారు.

జుట్టు సంగతి చెప్పకుండా ముందుకెళ్లలేం. ప్రదర్శనకు ముందు ఏడాది భస్మ బుధవారం నాడు, అంటే ఈస్టర్‌కు ముందు ఉపవాస కాలం మొదలయ్యే రోజున, ఊరి పాలక మండలి పోస్టర్ వేస్తుంది: పాల్గొనేవాళ్లంతా ఇకనుంచి జుట్టు కత్తిరించుకోవద్దు, మగవాళ్లు గడ్డం తీయొద్దు అని. విగ్గులు పెట్టరు. రోమన్ సైనికుల వేషం వేసేవాళ్లకు మాత్రం ఆ బాధ లేదు, వాళ్లు నున్నగా ఉండాలి. ఏడాది పైచిలుకు ఆ ఊళ్లో బ్యాంకులో, బేకరీలో, పోస్టాఫీసులో ఎక్కడ చూసినా గడ్డాలూ జులపాలూ కనిపిస్తాయి. ఎవరు నాటకంలో ఉన్నారో, ఎవరు లేరో మొహం చూస్తే తెలిసిపోతుంది. బయటివాళ్లకు ఇది సరదాగా అనిపిస్తుంది కానీ, ఊళ్లో ఉండి కూడా అర్హత లేని మనిషికి అది రోజూ కనిపించే గీత.

ఆ గీత ఎవరి దగ్గర ఆగాలన్నదే ఈ హాలు చరిత్రలో అతిపెద్ద పోట్లాట. ఆడవాళ్ల సంగతే చూడండి. 1990 వరకు పెళ్లయిన స్త్రీలకు వేదిక మీద చోటు లేదు. 35 దాటితే కూడా లేదు. మగవాడు ఎనభై ఏళ్లకు కూడా ఎక్కొచ్చు, అతనితో కాపురం చేసే ఆమె మాత్రం ఇంట్లోనో హోటల్లోనో అతిథులకు వండి వడ్డించాలి. ఆచారం అన్నారు, మర్యాద అన్నారు. ఊళ్లోని ముగ్గురు స్త్రీలు ఊరుకోకుండా కోర్టుకెక్కారు. నాటకం నడిపేది ప్రభుత్వ సంస్థ లాంటి పాలక మండలి కాబట్టి అందులో పాల్గొనడం పౌరుల హక్కు కిందికి వస్తుందనీ, స్త్రీ అనే కారణంతో, పెళ్లయిందనే కారణంతో ఆపకూడదనీ వాదన. 1990లో బవేరియా పరిపాలనా కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. ఆ ఏడాది నుంచే పెళ్లయినవాళ్లు, వయసు మళ్లినవాళ్లు వేదిక మీదికి వచ్చారు. హాలు ఏ ప్రైవేటు సంఘం చేతిలోనో ఉండి ఉంటే ఆ కేసు అంత తేలిగ్గా నిలబడేది కాదు. ఉమ్మడి ఆస్తి కావడం వల్లే ఆడవాళ్లకు అడిగే దారి దొరికింది. అయితే ఊరు తనంతట తానుగా ఈ పని చేసి ఉండాల్సింది, మూడున్నర శతాబ్దాలు ఆగి కోర్టు మెట్లెక్కించడం ఏ రకంగానూ గొప్ప కాదు.

మతం విషయంలోనూ అంతే. పెద్ద పాత్రలు క్యాథలిక్కులకే అన్న కట్టుబాటు 1990 నాటికి సడలింది, ప్రొటెస్టెంట్లకు తలుపులు తెరుచుకున్నాయి. 2000 నుంచి ఏ మతం లేనివాళ్లు, ముస్లింలు కూడా పాల్గొంటున్నారు. 2022లో ఏసును పట్టించిన శిష్యుడు యూదా ఇస్కరియోతు పాత్ర వేసిన ఇద్దరిలో ఒకడు చెంగిజ్ గోరూర్, తుర్కీ మూలాలున్న ముస్లిం కుర్రాడు. సహాయ దర్శకుడు అబ్దుల్లా కరాజా కూడా ముస్లిం కుటుంబంలో పుట్టినవాడే. ఇద్దరూ ఆ ఊరి పిల్లలు. మొక్కుకున్నది ఊరు కాబట్టి ఊరిలో పుట్టినవాడెవడైనా తీర్చొచ్చు అన్న తర్కం ఇక్కడ చక్కగా అతికింది. మొదట్లో కొందరు ఒంటికాలి మీద లేచారు, ఇప్పటికీ గొణిగేవాళ్లు ఉండొచ్చు, కానీ నియమం మాత్రం వాళ్లకు అడ్డం చెప్పదు.

అన్నిటికంటే లోతైన గాయం యూదుల విషయంలో. క్రీస్తు మరణానికి యూదులందరూ దోషులన్న పాత నింద ఇలాంటి నాటకాల్లో వందల ఏళ్లు పేరుకుపోయింది. ఒబెరామర్‌గావ్ పాఠంలోనూ, వేషాల్లోనూ అది ఉంది. యాజకుల, అంటే యూదు పూజారుల, తలల మీద కొమ్ముల్లాంటి టోపీలు పెట్టేవారు, జనం గుంపు మొత్తం మరణశిక్ష కోసం అరిచేది, ‘అతని రక్తం మా మీద, మా పిల్లల మీద’ అన్న మత్తయి సువార్తలోని మాటను పెద్ద కోరస్‌లా పలికించేవారు. 1934లో నాటకానికి మూడు వందల ఏళ్లు నిండాయని ప్రత్యేకంగా ఆడారు, అప్పటికి నాజీలు అధికారంలో ఉన్నారు, హిట్లర్ స్వయంగా వచ్చి చూశాడు. 1942లో, యూదుల్ని లక్షలాదిగా చంపుతున్న రోజుల్లో, ఈ నాటకం చాలా ముఖ్యమైనదని, యూదుల ముప్పును ఇంత బాగా చూపేది మరోటి లేదన్నట్టు తనవాళ్లతో మాట్లాడాడు. ఒక ఊరి మొక్కుబడి నాటకానికి అంతకంటే భయంకరమైన మెప్పు ఉండదు.

యుద్ధం అయ్యాక 1950లో హాలు మళ్లీ తెరుచుకుంది, పాఠంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. 1965లో వాటికన్ మహాసభ యూదుల మీద సామూహిక నిందను తోసిపుచ్చాక ఒబెరామర్‌గావ్ మీద ఒత్తిడి పెరిగింది. 1970 ప్రదర్శనల్ని అమెరికాలోని యూదు సంస్థలు బహిష్కరించాయి. ఊళ్లో మార్పు కావాలన్నవాళ్లు ఒక దారి వెతికారు: 18వ శతాబ్దంలో రోస్నర్ అనే మఠ గురువు రాసిన పాత పాఠంలో దోషి సాతాను తప్ప యూదులు కాదు, దాన్ని తిరిగి తెద్దాం అన్నారు. 1977లో దాన్ని హాలులో ప్రయోగాత్మకంగా ఆడి చూపించారు కూడా. ఊరు ససేమిరా అంది. వర్గాలుగా చీలి, చివరికి 1980లో మళ్లీ డైసెన్‌బెర్గర్ పాఠమే ఆడారు. మార్పు కోరినవాళ్లు ఓడిపోయారు, కానీ ఆ గొడవ చూస్తూ పెరిగిన పిల్లల్లో ఒకడు ఆ తర్వాత ఆ హాలునే మార్చేశాడు.

అతను క్రిస్టియాన్ స్టూకెల్, 1961లో ఆ ఊళ్లోనే సత్రం నడిపే కుటుంబంలో పుట్టి, చెక్క శిల్పం నేర్చుకున్నవాడు. 1980ల చివర్లో, ఇరవయ్యో పడి మధ్యలో ఉండగానే, పాలక మండలి అతన్ని 1990 నాటకానికి దర్శకుడిగా ఎంచుకుంది. అప్పటి నుంచి 2022 వరకు నాలుగు విడతలూ అతనివే. యాజకుల కొమ్ముల టోపీలు తీసేశాడు. 2000 నాటికి ఆ రక్తం మాట పూర్తిగా పోయింది. ఏసును శిష్యులు రబ్బీ (యూదు మత గురువు) అని పిలుస్తారు, చివరి విందులో బల్ల మీద ఏడు కొమ్మల దీపస్తంభం ఉంటుంది, హీబ్రూ ప్రార్థన వినిపిస్తుంది, యాజకుల సభలో ఏసు తరఫున వాదించేవాళ్లు కూడా బలంగా మాట్లాడతారు. అంటే ఇది యూదులకూ క్రైస్తవులకూ మధ్య పోరు అన్నట్టు కాకుండా, యూదుల్లోనే ఒక సంస్కర్త చుట్టూ లేచిన సంవాదంలా కథ కనిపిస్తుంది. ప్రతి విడతకూ ముందు ప్రధాన నటులు ఇజ్రాయెల్ వెళ్లి వస్తారు, యూదు మత పండితులతో, సంస్థలతో పాఠం మీద చర్చలు జరుగుతాయి. విమర్శలు పూర్తిగా ఆగలేదు, మూలకథ అదే కాబట్టి ఆగకపోవచ్చు కూడా. అయినా ఇంత దూరం వచ్చారంటే, బయటి ఒత్తిడి ఒక్కటే చాలలేదన్నది గుర్తుంచుకోవాలి. లోపలి మనిషి ఒకడు, గడ్డం పెంచుకుని అదే వేదిక మీద పెరిగినవాడు, ఊరివాళ్లతో ఏళ్ల తరబడి తలపడితే తప్ప అది జరగలేదు. పై నుంచి ఆర్డరు వేసి మార్చి ఉంటే ఊరు పైకి తలూపి లోపల పాత పాటే పాడుకునేది.

సమయం మార్చే విషయంలోనూ స్టూకెల్‌కు అంత తేలిక కాలేదు. ఒకప్పుడు నాటకం పొద్దున మొదలై సాయంత్రానికి అయిపోయేది. సిలువ ఘట్టం చీకటి పడ్డాక వస్తే బాగుంటుందని అతను మధ్యాహ్నం మొదలుపెట్టి రాత్రికి ముగించాలన్నాడు. పగటి వెలుగులో ఆడే ఆచారం పోతుందని, రాత్రి చలికి ముసలివాళ్లూ పిల్లలూ ఏమైపోతారని ఊరు రెండుగా చీలింది. 2007లో ఓటింగ్ పెట్టారు, మార్పు గెలిచింది, 2010 నుంచి అలాగే ఆడుతున్నారు. షో టైమ్ కోసం ఊరంతా బ్యాలెట్ వేయడం వింతగా అనిపించొచ్చు. కానీ ఓడినవాళ్లు కూడా మళ్లీ వచ్చి అదే వేదిక మీద నిలబడాలంటే, దర్శకుడి మాట చెల్లిందని కాకుండా ఊరి మాట చెల్లిందని వాళ్లకు అనిపించాలి. ఓటు చేసిన పని అది.

ఇక డబ్బు. 2022లో నాలుగు లక్షల మందికి పైగా వచ్చారు. టికెట్ల ఆదాయం ఊరి ఖజానాకు వెళ్తుంది, పాల్గొన్నవాళ్లకు కొంత భత్యం దక్కుతుంది, హోటళ్లకూ అద్దె గదులకూ సీజన్ నిండుగా ఉంటుంది. మొక్కు పేరుతో వ్యాపారం అని 19వ శతాబ్దం నుంచీ విమర్శ ఉంది. ఆ విమర్శలో పస ఉంది కానీ, డబ్బు ఎటు వెళ్తుందన్నది చూడాలి. లాభం బయటి యజమాని జేబులోకి వెళ్లదు, ఊరి పనులకే తిరిగొస్తుంది. పదేళ్లకోసారి వచ్చే ఆదాయం మీద ఊరి బడ్జెట్ ఆధారపడటంలో ఉన్న ప్రమాదం వేరే సంగతి. అది 2020లో నిజంగానే ముందుకొచ్చింది. మార్చిలో, మొదటి ప్రదర్శనకు రెండు నెలలు కూడా లేని సమయంలో, కరోనా వల్ల 2022కు వాయిదా వేశారు. ఏడాదిగా పెంచిన జుట్లూ గడ్డాలూ కత్తిరించేశారు, మళ్లీ 2021 భస్మ బుధవారం నుంచి కొత్తగా పెంచడం మొదలుపెట్టారు. మహమ్మారి పోవాలని పుట్టిన నాటకం మహమ్మారి వల్లే ఆగిందని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఊరికి ఇది కొత్త కూడా కాదు: 1870లో యుద్ధం వచ్చి సగంలో ఆపి 1871లో మళ్లీ ఆడారు, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920కి సిద్ధం కాలేక 1922లో ఆడారు, 1940లో అసలు ఆడనే లేదు.

మిగతా తొమ్మిదేళ్లు ఆ హాలు ఏం చేస్తుంది? ఒకప్పుడు చాలావరకు ఖాళీగానే ఉండేది. అంత పెద్ద భవనాన్ని తాళం వేసి ఉంచితే కప్పు నుంచి కుర్చీల దాకా అన్నీ పాడవుతాయి, అంతకంటే ముఖ్యంగా మనుషుల చేయి తిరగడం పోతుంది. స్టూకెల్ హయాంలో మధ్య ఏళ్లలో కూడా వేసవి నాటకాలు, ఒపేరాలు వేయడం పెరిగింది. 2015లో వెర్డీ నబుక్కో, 2017లో వాగ్నర్ ఫ్లయింగ్ డచ్‌మన్ ఆడినప్పుడు ప్రధాన గాయకులు బయటివాళ్లు, కోరస్ మాత్రం ఊరివాళ్లు. సంగీత ఉత్సవాలకు కూడా హాలు ఇచ్చారు. ఇది కేవలం అద్దె కోసం చేసే పని కాదు. 2010లో పదేళ్ల పిల్లగా మట్ట పట్టుకున్న అమ్మాయి 2022లో ఇరవై రెండేళ్ల యువతి, మధ్యలో వేదిక అలవాటు లేకపోతే ఆమె గొంతు నాలుగు వేల మందికి చేరదు. పెద్ద పాత్రలకు కొత్త ముఖాలు దొరికేది ఈ మధ్య ఏళ్ల ప్రదర్శనల్లోనే.

2014లో జర్మనీ తన అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో ఈ నాటకాన్ని చేర్చింది. మంచిదే, గుర్తింపు వచ్చింది. అయితే జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన హాలు నిండదు. నింపేది ఆ 20 ఏళ్ల నియమం, కొంచెం ఇబ్బంది పెట్టేది కూడా అదే. 2030లో వేదిక ఎక్కాలంటే ఊళ్లో పుట్టని పెద్దవాళ్లెవరైనా 2010 నాటికే ఊళ్లో స్థిరపడి ఉండాలి. అప్పటికి పక్క ఊళ్లో ఉండి, తర్వాత ఇక్కడికి వచ్చి, ఇక్కడే పిల్లల్ని కని, వాళ్లను రిహార్సల్స్‌కు తిప్పే తల్లికి ఆ వేదిక మీద చోటు ఉండదు, ఆమె పిల్లలకు ఉంటుంది. నియమం పూర్తిగా తీసేస్తే డబ్బూ పేరూ కోసం వచ్చేవాళ్లతో వేదిక నిండిపోతుందన్న భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ 20 ఏళ్లు అన్నది ఆకాశం నుంచి ఊడిపడ్డ అంకె కాదు, దాన్ని కొంత తగ్గించినంత మాత్రాన మొక్కుకు భంగం రాదు. పెళ్లయిన స్త్రీల విషయంలో కూడా భంగం వస్తుందనే అన్నారు, రాలేదు. ఊరు కోర్టు చెప్పేదాకా ఆగకుండా ఈసారి తానే ఈ లెక్క తేల్చుకుంటే బాగుంటుంది.

ముందున్న క్యాలెండర్ కూడా మామూలుది కాదు. 2022లో ఆడారు కాబట్టి 2030కి వ్యవధి ఎనిమిదేళ్లే. ఆ వెంటనే 2034కు మొదటి ప్రదర్శన జరిగి 400 ఏళ్లు నిండుతాయి. 300 ఏళ్లకు 1934లో, 350 ఏళ్లకు 1984లో ప్రత్యేక ప్రదర్శనలు వేసిన ఊరు 400 ఏళ్ల సందర్భాన్ని వదులుకోవడం కష్టం. అంటే నాలుగేళ్ల తేడాలో రెండుసార్లు అదే వేల మంది సెలవులు పెట్టాలి, రిహార్సల్స్‌కు సాయంత్రాలు ఇవ్వాలి, హాలు మరమ్మతులకు ఊరు డబ్బు తీయాలి. అంత భారం అంతే మంది మోయాలా, లేక మోయడానికి ముందుకొచ్చే కొత్తవాళ్లకు అర్హత ఇవ్వాలా అన్నది ఆ ఊరి పాలక మండలి ముందు పెట్టాల్సిన ప్రశ్న. జుట్టు పెంచమని 2029 భస్మ బుధవారం నాడు పోస్టర్ అంటించేలోపే దీన్ని చర్చకు పెట్టాలి.